పాతరలో మనుషులు

నరసరావుపేట నుంచో మాచర్ల నుంచో పిల్లల్ని చూడ్డానికి అమెరికా వెళ్ళిన పెద్దవాళ్ళకు ఓక్లహోమాలో ఒక వింత ఎదురవుతుంది. గరాజులో కారు వెనక్కి తీస్తే నేలలో ఇనుప తలుపు. దాన్ని జరిపితే నాలుగు మెట్లు, కింద ఇంటిల్లిపాదీ మోకాళ్ళు ముడుచుకుని కూచునేంత ఉక్కు పెట్టె. టోర్నడో వచ్చినప్పుడు దాక్కోడానికట. మనవైపు దీన్ని పాతర అంటాం.

కాకపోతే మనం దాచింది జొన్నలు. పల్నాడు జొన్నకూటి సీమ. శ్రీనాథుడి పేర చెప్పుకునే చాటువులు ఎగతాళి చేసింది ఆ కూటినే. మెట్టసీమల్లో గట్టి నేల చూసి గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, గింజ పోసి, పైన మట్టి కప్పేవారు. మూత తీయగానే దిగేవారు కాదు. లోపలి చెడుగాలి ప్రాణం తీస్తుంది, కాసేపు గాలాడనివ్వాలి.

అమెరికా గొయ్యి కూడా తిండి దాచుకోడానికి పుట్టిందే. 19వ శతాబ్దంలో మైదానాలకు వచ్చి స్థిరపడ్డ రైతులు బంగాళాదుంపలు చలికి పాడవకుండా పెరట్లో నేలకొట్లు తవ్వుకున్నారు. ఆకాశం నల్లబడితే పిల్లల్ని చంకనేసుకుని అందులోకే దిగేవారు. పిరికివాళ్ళ బొక్క అని వేళాకోళం కూడా ఉండేది. 1900లో అచ్చయిన ఓజ్ మాంత్రికుడి కథలో డొరతీ వాళ్ళ ఇంటి నడుమ అలాంటి నేలతలుపే ఉంది. ఆ కథలో సుడిగాలిని సైక్లోన్ అన్నారు. ఆ మాట కలకత్తాలో పుట్టింది, మన బంగాళాఖాతపు తుఫానులను చదివిన హెన్రీ పిడ్డింగ్టన్ పెట్టిన పేరు.

ఎప్పుడు దిగాలో తెలియకపోతే గొయ్యి ఉండి లాభమేమిటి? జనం బెదిరిపోతారని అమెరికా వాతావరణ శాఖ చాలాకాలం తన సూచనల్లోకి టోర్నడో మాటే రానివ్వలేదు. 1948 మార్చి 25న ఓక్లహోమాలోని టింకర్ వైమానిక స్థావరంలో ఫాబుష్, మిల్లర్ అనే ఇద్దరు అధికారులు ధైర్యం చేసి ముందే చెప్పారు. ఆ సాయంత్రమే వచ్చింది.

1970 మే 11న టెక్సాస్‌లోని లబక్‌లో టోర్నడోకు 26 మంది పోయారు. శిథిలాల్లో తిరిగిన టెక్సాస్ టెక్ ఇంజినీర్లకు చిత్రమొకటి కనబడింది. ఇల్లంతా లేచిపోయినా నడిమి చిన్నగది, బట్టల అరో స్నానాలగదో, నిలిచే ఉంది. ఆ ఒక్క గదిని గట్టిగా కడితే చాలన్న ఆలోచన అక్కడిది. వాళ్ళలో ఒకడైన ఎర్న్‌స్ట్ కీస్లింగ్ దాని వెంటే పడ్డాడు. 1998లో అమెరికా విపత్తుల నిర్వహణ సంస్థ ఫెమా కొలతలతో సహా పుస్తకం వేసింది. గోడకు పరీక్ష ఏమిటంటే, ఏడు కిలోల దూలాన్ని గంటకు 160 కిలోమీటర్ల వేగంతో గాలి ఫిరంగిలోంచి వదులుతారు. గాలి కన్నా అది విసిరే కర్రలూ రేకులే ఎక్కువ ప్రమాదం మరి.

మన తీరంలో చంపేది నీళ్ళు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన దాదాపు పదివేల మందిని మింగింది. అక్కడ గొయ్యి తవ్వుకుంటే బావిలో దిగినట్టే. డెల్టా రైతు గింజను కూడా నేలమీదే పురికట్టి దాచాడు. ఉప్పెన తరువాత తీరాన లేచిన తుఫాను షెల్టర్లు అందుకే స్తంభాల మీద నిలబడ్డాయి, నీళ్ళు కిందనుంచి పోతాయి. సముద్రం లేని పల్నాడులో తుఫానంటే కల్లాల్లో మిర్చి మీద పట్టాలు కప్పే పరుగే.

ఓక్లహోమా పాతరలో మంచినీళ్ళు, టార్చి, రేడియో, హెల్మెట్లు పెట్టుకుంటారు. బూట్లు తప్పనిసరి, బయటికొచ్చాక నడవాల్సింది గాజుపెంకుల మీద. మన జొన్నపాతర ఎక్కడుందో ఇంటివాళ్ళు ఊరికి చెప్పుకునేవారు కాదు. అక్కడ మాత్రం ముందే చెప్పాలి. తలుపు మీద ఇల్లు కూలి పడితే వెతుక్కుంటూ రావడానికి, పాతర ఎక్కడుందో మూర్ లాంటి ఊళ్ళలో నగరపాలక సంస్థ దగ్గర నమోదు చేయిస్తారు.