దుప్పటి గౌనైన వేళ

పాతచీరలతో బొంత కుట్టుకోవడం మనకు తెలుసు. అమ్మ పట్టుచీరలో చిరగని భాగం కూతురికి పరికిణీ కావడమూ తెలుసు. కాని పక్కమీది దుప్పటి గౌనై వీధిలోకి వచ్చిన కథ విన్నారా? ఇంగ్లండులో జరిగింది. చదివినకొద్దీ నాకది మనింటి కథలాగే అనిపించింది.

రెండో ప్రపంచయుద్ధం రోజులు. 1941 జూన్ 1, ఆదివారం. పొద్దున్నే రేడియో పెట్టినవాళ్లకు బట్టలకూ రేషను వచ్చిందన్న కబురు! ముందే పొక్కితే జనం కొట్లమీద పడతారని కూపన్లు కూడా సిద్ధం చేయలేదు. తిండి రేషను పుస్తకంలో మిగిలిన మార్జరీన్ చీటీలనే వాడుకోమన్నారు. మనిషికి ఏడాదికి 66 కూపన్లు. ఒక్క ఉన్ని గౌనుకే 11 పోతాయి, మేజోళ్ల జతకు 2. చేతిలో డబ్బున్నా కూపను లేకపోతే గౌను లేదు.

ఇక ఇల్లాళ్ల చూపు బీరువాలోని దుప్పట్లమీద పడింది. దుప్పటి ఎప్పుడూ నడుమనే నలుగుతుంది, అంచులు గట్టిగానే ఉంటాయి. అందుకని నిలువునా మధ్యకు కత్తిరించి, గట్టి అంచులు రెండూ నడిమికి తెచ్చి కలిపి కుట్టేవారు. అదీ పాడయ్యాక, బాగున్న ముక్కలు ఏరి పిల్లల బట్టలు కుట్టేవారు. విమానదాడుల భయంతో కిటికీలకు కట్టే నల్లగుడ్డకు కూపను అక్కర్లేదు గనుక, అదీ ఒంటిమీదికొచ్చింది.

1943లో ప్రభుత్వం, ఉన్నదానితో సర్దుకోండి, చిరిగింది బాగుచేసుకోండి అంటూ ఓ చిన్న పుస్తకం వేసింది. బామ్మలకు తెలియని విద్యేమీ కాదనుకోండి! అయితే ఒక మేలు జరిగింది. మాసికేసిన బట్ట నామోషీ కాకుండా పోయింది. అందరి ఒంటిమీదా అదే కదా మరి.

నన్ను ఆలోచనలో పడేసింది వేరే సంగతి. 1941 డిసెంబరులో, 20 నుంచి 30 ఏళ్లలోపు పెళ్లికాని ఆడవాళ్లను యుద్ధసేవకు రమ్మని చట్టం చేశారు. పెళ్లయినవాళ్లూ ఎందరో ఫ్యాక్టరీల్లో చేరారు. పగలంతా అక్కడ చాకిరీ, రాత్రి దీపం దగ్గర కుట్టుపని. బట్టల రేషను 1949 మార్చి దాకా సాగింది. గజం గుడ్డకూ లెక్కుంది, మేజోళ్లకూ లెక్కుంది. ఆ రాత్రుళ్లకు మాత్రం ఏ చీటీలోనూ లెక్క లేదు.

మనిళ్లలో మాత్రం ఉందా? "పాతచీరలే కదా, ఖర్చేముంది?" అనేస్తాం. బొంతకు గుడ్డ ఉత్తినే వచ్చిందేమో గాని, కుట్టు ఉత్తినే రాలేదమ్మా! ఈసారి బొంత కప్పుకునేటప్పుడు ఆ కుట్లను ఒక్కసారి తడిమి చూడండి.