పేటల పునర్నిర్మాణము

1896లో బొంబాయి మాండ్వీ ప్రాంతమున ప్లేగు చెలరేగెను. ఇరుకు పేటలే దానికి నెలవులని తలచి, 1898లో నగరాభివృద్ధి ట్రస్టును నెలకొల్పి, ఇండ్లు పడగొట్టి విశాలమైన వీథులు వేయించిరి. గాలి, వెలుతురు వచ్చెను. కాని నిలువ నీడ కోల్పోయిన వారందరికిని ట్రస్టు కట్టించిన ఒంటిగది ఇండ్లు చాలలేదు. దూరము పోయిన కూలి దక్కదు. కావున పలువురు చేరువ వీథులలోనే అద్దెకు దిగిరి. అచ్చటి గదులు మరింత క్రిక్కిరిసినవి. రద్దీ తావు మాత్రమే మార్చుకొనెను.

1914లో మన దేశమునకు వచ్చిన పాట్రిక్ గెడ్డెస్ తంజావూరు మున్నగు పట్టణములను పరిశీలించి వేరొక త్రోవ చూపెను. మిక్కిలి శిథిలమైన ఇండ్లను మాత్రము తొలగించి, ఆ చోట్ల చెట్లు నాటి, తక్కినవానిని బాగుచేయవలెననెను. దీనివలన ఖర్చు తగ్గును, ఇరుగుపొరుగు చెదరదు.

పేటను దిద్దబూనువారు వీథి వెడల్పుతోపాటు, నేడున్నవారు రేపటి అద్దె చెల్లించి అచ్చటనే నిలువగలరా యనియు లెక్కింపవలెను.