ఓరుగల్లు: పత్తి, నూలు, మగ్గము

ఓరుగల్లు పేరు విన్నంతనే మన కన్నుల యెదుట కీర్తితోరణములును, వేయిస్తంభముల గుడియు నిలుచును. రాతికి నిలుకడ కలదు, బట్టకు లేదు. ఏడెనిమిది వందల యేండ్ల క్రిందట శిల్పి చెక్కిన కంబము నేటికిని నిలిచియున్నది. అదే కాలమున అదే నగరమున సాలెవాడు నేసిన చీర కట్టగా కట్టగా చినిగి మట్టిలో కలసిపోయినది. అందుచేతనే మన చరిత్రలలో రాజునకును శిల్పికిని దొరకిన చోటు నేతగానికి దొరకలేదు. కాని రాజ్యములు పోయిన పిదపగూడ ఈ నగరమునకు అన్నము పెట్టిన వృత్తులలో నేత ముఖ్యమైనది.

బట్టకు నాలుగు అంగములు: పత్తి పండించు చేను, నూలు వడకు చేయి, నేయు మగ్గము, అమ్ము అంగడి. ఈ నాలుగును ఒకదానికొకటి చేరువగా నున్ననాడు ఓరుగల్లు వర్ధిల్లినది; అందులో నొకటి తెగిననాడు తక్కినవియు వరుసగా సడలినవి. ఓరుగంటి నేత చరిత్రయంతయు ఈ ముడులు పడుటయు వీడుటయు తప్ప మరియొకటి కాదు.

మొదట నేలను చూతము. ఈ సీమలో ఎర్రచెలకలును నల్లరేగడులును ప్రక్కప్రక్కన నుండును. కాకతీయులు త్రవ్వించిన పాకాల, రామప్ప మొదలగు చెరువుల క్రింద వరి పండెను; నీరు పారని రేగడి చేలలో పత్తి పండెను. తిండియు బట్టయు ఒకే సీమలో లభించుట చిన్న భాగ్యము కాదు. దీనికి తోడు తూర్పుతీరమునకు పోవు బాటలు ఈ నగరము మీదుగా సాగెను.

ఆ తీరమున మోటుపల్లి యను రేవు గలదు. నేడది బాపట్ల జిల్లాలోని చిన్న గ్రామము. కాకతీయుల కాలమున దూరదేశపు ఓడలు దిగు పట్టణము. గణపతిదేవ చక్రవర్తి 1244వ సంవత్సరమున అచట నొక అభయశాసనము వేయించెను. అంతకు ముందటి రాజులు గాలివానకు దారితప్పి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును బలిమిని గైకొనుచుండిరి. ప్రాణములకు తెగించి సముద్రము దాటి వచ్చువారి ధనము ప్రాణముకంటె ఎక్కువయని తలచి, నియతమైన సుంకము తప్ప మరేమియు తీసికొనబోమని గణపతిదేవుడు వర్తకులకు మాట యిచ్చెను. వాణిజ్యమునకు సైన్యముకంటె నమ్మకము ముఖ్యమని గ్రహించిన రాజనీతి యిది. ఆ శతాబ్ది చివర ఈ తీరమును గూర్చి వ్రాసిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో ఇచటి బట్టల సన్నదనమును సాలెగూటితో పోల్చి ప్రశంసించెను. అట్టి బట్టలు ఏ యే యూళ్ల మగ్గములపై నేయబడినవో ఆ యాత్రికుడు చెప్పలేదు. అయినను కాకతీయ రాజ్యపు మగ్గములకు సముద్రపు అంగడి అందుబాటులో నుండెననుట స్పష్టము.

1323లో ఢిల్లీ సైన్యములు ఓరుగల్లును జయించెను. రాజధాని పోయినది, రాజాస్థానపు కొనుగోలును పోయినది. అయినను మగ్గము ఆగలేదు. ఏలయన నేతగాని ఆధారము ఆస్థానము మాత్రమే కాదు. రైతునకు ధోవతియు, రైతుభార్యకు చీరయు, పండుకొనుటకు దుప్పటియు కావలెను. పల్లెలోని నేతగాడు వాటిని నేసి యిచ్చి కళ్లములో గింజలు కొలిపించుకొనెడివాడు. ఇంటిలో ఆడువారు నూలు చుట్టి, ఆసుపోసి, కండెలు చేయుదురు. వీధిపొడవున పడుగు చాచి గంజి పెట్టుదురు. మగవాడు గుంటమగ్గములో కూర్చుండి నాడె ఆడించును. ఒక మగ్గమనగా ఒక మనిషి కాదు, ఒక కుటుంబము. ఈ మాట మనము మరువరాదు. ఏలయన ముందు చెప్పబోవు కష్టములన్నియు కుటుంబముల కష్టములే.

మొగలాయి సైన్యములు దక్కనుకు వచ్చిన కాలమున వారి వెంట వచ్చిన పారసీక పనివారు ఓరుగంటిలో తివాచీల నేత నెలకొల్పిరని పరంపరగా చెప్పుకొందురు. మట్టెవాడ, హనుమకొండ ప్రాంతములు ఈ పనికి పేరుగాంచినవి. ఉన్నితోను పట్టుతోను ముడి వెనుక ముడి వేసి నేసిన ఓరుగంటి తివాచీలు 1851లో లండను నగరమున జరిగిన మహాప్రదర్శనమున ఉంచబడి మెప్పు పొందినవి. కాని ఆ మెప్పు నేతగానికి కూడు పెట్టలేదు. కొనువాడు దూరమున నున్నాడు. వాని అభిరుచి యేమో నేయువానికి తెలియదు. నడుమ వర్తకుడు చెప్పినదే ధర. చౌక ధర కొరకు చౌక రంగులు వచ్చినవి. ముడుల సంఖ్య తగ్గినది. పనితనము తగ్గగా పేరును తగ్గినది. దూరపు అంగడిని నమ్మి, దానిపై తన కే యధికారమును లేనివాని గతి యిట్లే యుండును.

ఇంతలో రైలు వచ్చినది. నిజాము రాష్ట్రపు రైలుమార్గము 1874లో వాడి నుండి సికింద్రాబాదు చేరెను. 1886లో వరంగల్లునకును, 1889లో బెజవాడకును పొడిగింపబడెను. తరువాత బల్లార్షా మార్గము కలియుటతో కాజీపేట ఉత్తర దక్షిణ దేశములకు కూడలి యైనది. రైలు వలన ఈ సీమకు కలిగిన మేలు కాదనరానిది. కాని అది రెండు వైపుల నడచు బండి. ఇచటి పత్తి బేళ్లుగా బయటికి పోయినది. బొంబాయి మిల్లుల బట్టయు, సీమబట్టయు లోనికి వచ్చినవి. మొదట దెబ్బ తిన్నది మగ్గము కాదు, రాట్నము. మిల్లు నూలు చౌకగా, ఒకే తీరుగా దొరకుటచే నేతగాడే దానిని కోరి కొనెను. చేనికిని మగ్గమునకును నడుమ నున్న ముడి ఆనాడు వీడినది. అప్పటినుండి నేతగాడు పత్తి చేల నడుమ నివసించుచును, నూలు కొరకు పరుల మొగము చూడవలసినవాడయ్యెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున నూలు కరవు వచ్చినపుడు ఈ పరాధీనత యెంతటిదో దేశమంతటి చేనేతవారికిని తెలిసివచ్చినది.

ఆ ముడిని మరల వేయగలదని జనులు ఆశించినది ఆజంజాహీ మిల్లు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, 1934లో, అతని పెద్ద కుమారుడు ఆజంజా పేర వరంగల్లున ఈ మిల్లు నెలకొల్పబడినది. పత్తి చేరువ, రైలు చేరువ, పనిచేయు చేతులు చేరువ. నూలు వడకుటయు బట్ట నేయుటయు ఒక్క ఆవరణములోనే జరిగెను. చుట్టుపట్ల పల్లెలనుండి వేల కుటుంబములు నగరమునకు వచ్చి దీనిని నమ్ముకొని స్థిరపడినవి. తరతరములుగా గింజల కొలత యెరిగినవారు నెలజీతమును ఎరిగిరి. గంట ప్రకారము పని, సంఘము, సమ్మె, బోనసు అను క్రొత్త మాటలను నేర్చిరి. వరంగల్లు కేవలము పాత రాజధానిగా గాక కార్మిక నగరముగా మారుటకు ఈ మిల్లు ముఖ్య కారణము.

1974లో దేశమునందలి వ్యాధిగ్రస్తములైన మిల్లులను కేంద్రప్రభుత్వము జాతీయము చేసినపుడు ఆజంజాహీ మిల్లును జాతీయ జౌళి సంస్థ క్రిందకు వచ్చెను. పాతబడిన యంత్రములు, మరమగ్గముల పోటీ, పెరుగు నష్టములు కలసి దానిని క్రుంగదీసినవి. 1990 ప్రాంతములనుండి పని సన్నగిల్లి, తుదకు మిల్లు మూతపడినది. కార్మికులు పరిహారము పుచ్చుకొని ఇండ్లకు పోయిరి, భూములు అమ్మబడినవి. మిల్లు పోవుటయనగా ఒక యజమాని నష్టము కాదు. దాని జీతముపై నడచిన కిరాణా దుకాణము, హోటలు, దర్జీ, బడిపిల్లల ఫీజు అన్నియు సడలినవి.

మగ్గము మీద బ్రతుకు జరుగని వారును, మిల్లు పని దొరకని వారును అంతకు ముందే బాట పట్టిరి. షోలాపురము, భీవండి, సూరతు నగరములలో మరమగ్గముల ముందు నిలిచిన తెలుగువారిలో ఓరుగంటి సీమవారు అనేకులు. షోలాపురములో తెలుగు పద్మశాలీలు ఒక పెద్ద సమాజముగానే పెరిగిరి. ఇందులో నున్న వింతను గమనింపుడు. పత్తి ఇచట పండును. నేయువాడు ఇచట పుట్టును. ఇద్దరును వేరు వేరు రైళ్లలో ఊరు విడిచిపోయి, పరదేశమున కలసికొందురు. అచట తయారైన బట్ట మరల మన అంగడికి వచ్చును. ఈ రాకపోకల లాభము నడుమవారిది, శ్రమ మనది.

చేని వైపు చూచినను కథ సుఖము కాదు. ఎనుమాముల మార్కెట్టునకు ప్రతి యేట బండ్లకొలది పత్తి వచ్చును. దేశమున పత్తి విరివిగా పండించు రాష్ట్రములలో తెలంగాణ ముఖ్యమైనది. అయినను 1997-98 సంవత్సరమున పురుగు పంటను తినివేయగా, మందులకు చేసిన అప్పులు తీరక వరంగల్లు జిల్లాలో అనేకులు పత్తి రైతులు ఆత్మహత్య చేసికొనిరి. దేశమంతయు ఆనాడు వరంగల్లు పేరు విన్నది. ఆ వినికిడి తలవంపులు తెచ్చునది. విత్తనమును మందును అప్పుగా కొని, పంటను వచ్చిన ధరకు అమ్ము రైతునకును, నూలును అప్పుగా తెచ్చి, బట్టను వచ్చిన ధరకు ఇచ్చు నేతగానికిని భేదమేమి? ఇరువురును ఒకే త్రాటి రెండు కొనలు.

ఇన్ని మార్పుల నడుమ నిలిచిన పని యొకటి కలదు: కొత్తవాడ జంపఖానాలు. దర్రీ లనియు వీనిని పిలుతురు. తివాచీవలె ముడులు వేసి నేయునవి కావు. ముతక నూలు పేకను పడుగుపై దట్టముగా కొట్టి, పడుగు కనబడకుండ నేయునవి. పంజా యను పండ్లు గల ఇనుప పనిముట్టుతో పేకను బిగించుటకు భుజబలము కావలెను. వెడల్పు జంపఖానాకు ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుండి లయ తప్పక పనిచేయవలెను. పెండ్లి పందిరులలోను, భజన మందిరములలోను, సభలలోను మనము కూర్చుండునవి ఇవియే. 1985 నాటి చేనేత రిజర్వేషను చట్టము జంపఖానాలను చేతిమగ్గమునకే ప్రత్యేకించినది. 2018లో వరంగల్లు దర్రీలకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ గుర్తింపు పేరును కాపాడును; కూలిని కాపాడదు. కొనువాడు పేరు చూచి నాలుగు రూపాయలు ఎక్కువ ఇచ్చినను, అవి నేసిన చేతికి చేరు దారి లేనిచో గుర్తింపు గోడమీద పటముగానే మిగులును. సహకార సంఘములు బలముగా నుండి నూలును సరసమైన ధరకు ఇచ్చి, సరకును వేళకు కొన్నచోట్ల మాత్రమే నేతగాని యింట దీపము వెలిగినది.

ఇపుడు మరల ఒక పెద్ద యత్నము జరుగుచున్నది. 2017 అక్టోబరులో గీసుకొండ, సంగెం మండలముల సరిహద్దున కాకతీయ మెగా జౌళి పార్కునకు శంకుస్థాపన జరిగినది. పత్తి నుండి తొడుగుకొను దుస్తుల వరకు అన్ని పనులును ఒక్కచోటనే జరుగవలెననియు, వలసపోయినవారు తిరిగి రావలెననియు దాని సంకల్పము. 2023లో కేంద్రప్రభుత్వము తన జౌళి పార్కుల పథకమున తెలంగాణకు చోటిచ్చి ఈ పార్కునే అందు చేర్చినది. కొన్ని పరిశ్రమలు వచ్చినవి. మంచిదే. కాని చరిత్ర చదివినవారు మూడు ప్రశ్నలు వేయక మానరు. పార్కులో వడకు నూలు ఈ సీమ పత్తిదేనా? అచట పనికి కుదురువారిలో భూములిచ్చిన పల్లెలవారును, సూరతు భీవండుల నుండి తిరిగివచ్చినవారును ఎందరు? కొత్తవాడ మగ్గమునకు ఆ నూలులో ఒక పాలైనను చేరునా? వీనికి వచ్చు జవాబులే ఈ యత్నము ఆజంజాహీ మిల్లు బాట పట్టునో, లేదో తేల్చును.

గణపతిదేవుని శాసనము రాతిపై నున్నందున మనకు దక్కినది. నేతగాని జ్ఞానము రాతిపై లేదు, కాగితముపైనను లేదు; చేతులలోను నోటిలోను ఉన్నది. హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషానిలయమును స్థాపించిన పెద్దలు, తెలుగు చదువునకు ఆదరణ కొరవడిన కాలమున గ్రంథములను కూర్చి భాషను నిలిపిరి. పల్లెపల్లెకు వ్యాపించిన గ్రంథాలయములు వారి దీక్షకు వారసులు. ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయము ముందు ఇప్పుడొక పని యున్నది. మగ్గము విడిచినవారును, మిల్లులో పనిచేసినవారును, పరదేశము పోయి వచ్చినవారును మన నడుమ ఇంకను ఉన్నారు. ఆసు మొదలు పంజా వరకు వారి పనిమాటలను, కూలి లెక్కలను, వలసబాటలను వారి నోటనే విని వ్రాసి భద్రపరచుదము. పోయిన బట్టను తిరిగి నేయలేము. నేసినవాని మాటనైనను పోనీయకుండుట మన చేతిలోని పని.