మంచు కరిగితేనే మొదలయ్యే గని

ఫ్రాన్సు దక్షిణపు కొసన, అండోరా సరిహద్దుకు దగ్గరలో, పైరినీస్ పర్వతాల మధ్య అరియేజ్ నది లోయ ఉంది. ఆ లోయలోని ల్యూజెనాక్ అనే చిన్న ఊరికి ఎగువన, సముద్రమట్టానికి సుమారు 1,700 మీటర్ల ఎత్తున, త్రిమూన్స్ గని ఉంది. టాల్క్ తవ్వే గనుల్లో ప్రపంచంలోనే అతిపెద్ద వాటిలో ఇదొకటి. ఏటా దాదాపు 4 లక్షల టన్నులు ఇక్కడి నుంచి కిందికి దిగుతాయి. విచిత్రమేమంటే ఇంత సరుకూ తవ్వేది సుమారు ఆర్నెల్లలోనే. శీతకాలమంతా కొండ మంచులో కూరుకుపోతుంది. మే నెల ప్రాంతంలో తవ్వకం మొదలవుతుంది, నవంబరు వచ్చేసరికి ఆగిపోతుంది. త్రిమూన్స్ చరిత్రలో వచ్చిన పెద్ద మార్పులు చాలావరకు ఈ ఆర్నెల్ల ఇరుకులోంచి పుట్టినవే.

టాల్క్ మెగ్నీషియం, సిలికా, నీరు కలిసి ఏర్పడిన ఖనిజం. జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ 1812లో రూపొందించిన కాఠిన్యపు కొలమానంలో దీనిది 1వ స్థానం, అంటే ఖనిజాలన్నిటిలోకీ మెత్తనిది. గోటితో గీసినా గీత పడుతుంది, పట్టుకుంటే వేళ్లకు జిడ్డు తగిలినట్టుంటుంది. నంద్యాల జిల్లా బేతంచెర్ల చుట్టుపక్కల దొరికే బలపపు రాయి కూడా ఈ జాతిదే. అక్కడ డోలమైటు అనే రాతి పొరల్లోకి చొచ్చుకొచ్చిన శిలాద్రవం వేడికి ఆ రాయి మారింది. త్రిమూన్స్‌లో ఆ పని చేసింది వేడి నీళ్లు. సుమారు 11 కోట్ల నుంచి 10 కోట్ల ఏళ్ల కిందట, దాదాపు 300 డిగ్రీల వేడితో ఉప్పునీరు పగుళ్ల వెంట పైకి వచ్చింది. ఒక పక్కన ఉన్నది డోలమైటు, ఇంకో పక్కన ఉన్నది అభ్రకం నిండిన పలక రాయి. డోలమైటు తెల్లని, స్వచ్ఛమైన టాల్క్‌గా మారింది. పలక రాయి వైపు క్లోరైటు అనే ఖనిజం కలిసి బూడిద రంగు వచ్చింది. మొత్తం పొర మందం 10 మీటర్ల నుంచి 80 మీటర్ల దాకా ఉంటుంది. ఇక్కడే మొదటిసారి గుర్తించిన ఒక అరుదైన ఖనిజానికి గని పేరు మీదే త్రిమూన్‌సైటు అని పేరు పెట్టారు.

ఈ తెలుపు, బూడిద రంగుల తేడాయే ధరను నిర్ణయిస్తుంది. అందువల్ల ఇక్కడ తవ్వడం కంటే ఏరడం పెద్ద పని. తొలిరోజుల్లో సరుకును కిందికి దించడమూ కష్టమే. 19వ శతాబ్దంలో చుట్టుపక్కల రైతులు తమ భూముల్లో కొద్దికొద్దిగా తవ్వుకుని, పశువుల మీదా బండ్ల మీదా లోయకు దించేవారు. కొండదారిలో అలా దిగగలిగిన సరుకెంత? 1888లో రైలు మార్గం లోయ వెంట ఆక్స్-లే-టెర్మ్ ఊరి దాకా రావడంతో లోయలోంచి దూర మార్కెట్లకు దారి తెరుచుకుంది. ఇక మిగిలింది కొండ మీది నుంచి స్టేషను దాకా ఉన్న దూరం. 1905లో టాల్క్ ద ల్యూజెనాక్ కంపెనీ ఏర్పడి, చిన్న చిన్న తవ్వకాలు ఒకే యాజమాన్యం కిందికి వచ్చాయి. గని నుంచి ల్యూజెనాక్ మిల్లు దాకా 5 కిలోమీటర్లకు పైగా రోప్‌వే నడిచింది. తొట్లు తీగల మీద వేలాడుతూ వెయ్యి మీటర్లకు పైగా కిందికి దిగేవి. పనివాళ్లు సీజనంతా కొండ మీది బసల్లోనే ఉండేవారు. ఏరివేతలో ఆడవాళ్లు ఎక్కువగా ఉండేవారు. గడ్డ చేతిలోకి తీసుకుని, రంగు చూసి, ఏ రకమో తేల్చి వేరు చేసేవారు. గని పేరు నిలబెట్టింది యంత్రాల కంటే ఆ కళ్లేనని చెప్పాలి.

మిల్లు మాత్రం ఏడాది పొడుగునా ఆడుతుంది. ఎండాకాలంలో తవ్విన రాయిని నిల్వ చేసుకుని, మంచు పడ్డాక కూడా ఎండబెట్టి, పొడి చేసి, రకాలు కలిపి అమ్ముతారు. ఒక సీజను పాడైతే ఆ దెబ్బ మరుసటి వసంతం దాకా తగులుతుంది. టాల్క్ పొర ఏటవాలుగా కొండలోకి దిగిపోవడంతో దాన్ని చేరాలంటే మీదున్న రాయిని ముందు తొలగించాలి. ఒక టన్ను టాల్క్‌కు అంతకు ఎన్నో రెట్ల రాయి తీయాల్సి వస్తుంది. అందుకే ఈ ఏటి శ్రమలో పెద్ద భాగం రాబోయే ఏళ్ల సరుకు కోసమే జరుగుతుంది. పెద్ద యంత్రాలు మీది రాయిని తీస్తే, చిన్న యంత్రాలు టాల్క్‌ను రకాలవారీగా విడదీసి తవ్వుతాయి. చేతి ఏరివేత స్థానంలోకి కాంతితో రంగు గుర్తించే పరికరాలు వచ్చాయి.

   

యాజమాన్యం 1988లో రియో టింటో చేతికి, 2011లో 34 కోట్ల డాలర్ల ఒప్పందంతో ఫ్రెంచి కంపెనీ ఇమెరిస్ చేతికి వెళ్లింది. టాల్క్ అనగానే పౌడరు డబ్బా గుర్తొస్తుంది గానీ, సౌందర్య సాధనాల వాటా చిన్నదే. కాగితం, రంగులు, పింగాణీ, కారు బంపర్ల ప్లాస్టిక్ తయారీలోకే ఎక్కువ సరుకు వెళుతుంది.