కొబ్బరికాయ నుంచి కడెం దాకా

జాతరలో దేవుడి ఊరేగింపు అయిపోయాక, మిఠాయి దుకాణాల దగ్గర గిరాకీ ఇంకా తగ్గకముందే, ఊరి బయట డప్పు మోగుతుంది. దున్ని, రాళ్లేరి, మెత్తగా చేసిన నేల చుట్టూ జనం గుండ్రంగా కూర్చుంటారు. కామారెడ్డి జిల్లాలో ఎల్లారెడ్డి, నిజాంసాగర్, బిచ్కుంద, జుక్కల్ దిక్కు పల్లెల్లో కుస్తీ లేని జాతర ఉప్పు లేని కూర. ముందుగా దిగేది పిల్లలు. గెలిచినోడికి కొబ్బరికాయ. తర్వాత పడుచువాళ్లు దిగుతారు, పందెం రూపాయల్లోకి మారుతుంది. పొద్దు వాలే వేళకు మహారాష్ట్ర, కర్ణాటక నుంచి వచ్చిన పేరున్న పహిల్వాన్లు లంగోటి బిగిస్తారు. ఆ ఆఖరి కుస్తీకి వెండి కడెం. అది ఎన్ని తులాలన్నది ఊరి పరువుకు సంబంధించిన సంగతి.

కొబ్బరికాయ గెలిచిన పిల్లాణ్ని అదే సాయంత్రం కడెం కుస్తీకి ఎవరూ తోయరు. ఆ రెంటికీ నడుమ ఏళ్ల తరబడి తాలీం ఉంది: తెల్లవారుజామున దండీలు, బస్కీలు, మట్టి తవ్వడం, ఉస్తాద్ లెక్కపెట్టే అంకెలు. బరువు మెల్లమెల్లగా పెరగాలి, కష్టానికీ కష్టానికీ మధ్య ఒంటికి ఊపిరి దొరకాలి. ఈ రెండు మాటలనే నేటి వ్యాయామశాస్త్రం రెసిస్టెన్స్ శిక్షణ, ఇంటర్వెల్ శిక్షణ అని పిలుస్తోంది. వాటిని కొలిచి కాగితం మీద పెట్టడానికి మాత్రం ఇరవయ్యో శతాబ్దం దాకా ఆగాల్సి వచ్చింది.

కల్యాణి రాజు లెక్క

జుక్కల్ అవతల సరిహద్దు దాటితే బీదర్ జిల్లా. అందులోని బసవకల్యాణ్ ఒకప్పుడు పశ్చిమ చాళుక్యుల రాజధాని కల్యాణి. 1126 నుంచి 1138 వరకు ఏలిన మూడవ సోమేశ్వరుడు ‘మానసోల్లాసం’ అనే సంస్కృత గ్రంథం రచించాడు. వంటలు, ఏనుగులు, సంగీతం వంటి సంగతులతో పాటు మల్లవినోదానికీ అందులో చోటిచ్చాడు. మల్లులను వయసును బట్టి, దేహాన్ని బట్టి, బలాన్ని బట్టి తరగతులుగా విడదీశాడు. ఎవరేం తినాలో, ఏం సాధన చేయాలో చెప్పాడు. బరువులెత్తడం భారశ్రమ, నడక భ్రమణశ్రమ, ఈత సలిలశ్రమ, స్తంభం పట్టుకుని చేసేది స్తంభశ్రమ. చేతుల కసరత్తుకు వేరే పేరుంది. ఇవాళ్టి జిమ్ గోడ మీద అతికించే పట్టికకు ఇది దాదాపు తొమ్మిది వందల ఏళ్ల పెద్దన్న.

మల్లులు కానివారి గురించి మన వైద్యులు ఇంకా ముందే ఆలోచించారు. ఒంట్లో ఉన్న బలంలో సగం ఖర్చయ్యే దాకానే వ్యాయామం చేయాలన్నాడు సుశ్రుతుడు. సగం అయిందని తెలిసేదెలా? ఊపిరి నోటితో తీసుకోవాల్సి వస్తే సగం అయినట్టే. నడుస్తూ మాట్లాడగలుగుతున్నారా, రొప్పుతున్నారా అని నేటి డాక్టర్లు అడిగే ప్రశ్నకు ఇది దగ్గరి చుట్టం.

సైనికుడి మోకాలు

రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజులు. షికాగోలోని గార్డినర్ సైనిక ఆసుపత్రి నిండా మోకాళ్లు దెబ్బతిన్న జవాన్లు. కట్టు విప్పేసరికి తొడ కండ పుల్లలా మిగిలేది. తేలికపాటి కదలికలు వందలసార్లు చేయించడం అప్పటి పద్ధతి. మంచాలు ఖాళీ అయ్యేవి కావు.

అక్కడి వైద్యుడు థామస్ డెలోర్మ్ చిన్నతనంలో రుమాటిక్ జ్వరంతో మంచం పట్టి, తర్వాత ఇనుప బరువులెత్తి కోలుకున్నవాడు. తనకు పనికొచ్చింది రోగులకెందుకు పనికిరాదనుకున్నాడు. పాదానికి ఇనుప బూటు కట్టి, దానికి బరువు తగిలించి, మోయగలిగినంత మోయించాడు. 1945లో ఆ అనుభవాన్ని ప్రచురించాడు. మొదట్లో ఏడు నుంచి పది విడతలు చేయించేవాడు. అన్ని అక్కర్లేదని తేలాక, 1948లో ఆర్థర్ వాట్కిన్స్‌తో కలిసి మూడు విడతలకు కుదించాడు. పది సార్లు ఎత్తగలిగిన బరువును ముందు తేల్చుకోవాలి. తొలి విడతలో అందులో సగం, రెండో విడతలో ముప్పావు, మూడో విడతలో పూర్తి బరువు. ప్రతి విడతలోనూ పదిసార్లు. బలం పెరిగేకొద్దీ బరువూ పెరగాలి. మూడు విడతలు, పదేసి సార్లు అని కామారెడ్డి జిమ్‌లో కుర్రాడు చెప్పే లెక్క ఆ ఆసుపత్రి వార్డులో మొదలైన పనిలోంచి పుట్టిందే.

పరుగులో ఇంటర్వెల్

సినిమాలో ఇంటర్వెల్ రెండో సగానికి ఊపు తేవడానికి. పరుగులోనూ అంతే. 1930ల్లో జర్మనీలో కోచ్ వోల్డెమార్ గెర్ష్‌లర్, గుండె వైద్యుడు హెర్బర్ట్ రైన్‌డెల్ కలిసి పరుగును ముక్కలు చేశారు. వేగంగా పరుగెత్తించి, నాడి దిగేదాకా ఆపి, మళ్లీ పరుగెత్తించారు. గెర్ష్‌లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో 800 మీటర్ల పరుగును 1 నిమిషం 46.6 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. చెకోస్లొవేకియా సైనికుడు ఎమిల్ జాటోపెక్ 400 మీటర్ల పరుగులను, నడుమ మెల్లని పరుగుతో, పదులసార్లు చేసేవాడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 5,000, 10,000 మీటర్లు, మారథాన్ మూడింటిలోనూ స్వర్ణాలు గెలిచాడు. ఒకే ఒలింపిక్స్‌లో ఆ మూడూ గెలిచినవాడు నేటికీ అతనొక్కడే.

1996లో జపాన్ శాస్త్రవేత్త ఇజుమి తబాటా ఈ ముక్కల లెక్కను సెకన్లలోకి దించాడు. ఒక జట్టు వారానికి ఐదు రోజులు, రోజుకో గంట, ఒక మోస్తరు వేగంతో సైకిల్ తొక్కింది. రెండో జట్టు 20 సెకన్లు శక్తికొద్దీ తొక్కి 10 సెకన్లు ఆగుతూ, ఏడెనిమిది సార్లు తొక్కింది. ఆరు వారాల తర్వాత ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం రెండు జట్లకూ పెరిగింది. ఉన్నట్టుండి విజృంభించే శక్తి మాత్రం రెండో జట్టుకే పెరిగింది, అదీ 28 శాతం. ‘నాలుగు నిమిషాల కసరత్తు’ అని ఫోన్లలో తిరిగే వీడియోలకు మూలం ఇదే. అందులో తొక్కినవాళ్లు అలవాటున్న కుర్రాళ్లన్న సంగతి ఆ వీడియోలు చెప్పవు. అది కడెం కుస్తీ. పొద్దంతా కౌంటర్లో కూర్చునే యాభై ఏళ్ల మనిషి నేరుగా దిగాల్సిన బరి కాదు.

తొంభై ఏళ్ల తొడలు

ఇంతవరకూ కథంతా మల్లులది, సైనికులది, పరుగువీరులది. దాన్ని ముసలివాళ్ల దగ్గరికి తీసుకుపోయినవారిలో ముందు చెప్పుకోవాల్సింది మరియా ఫియటరోన్ పేరు. 1990లో ఆమె బృందం అమెరికాలోని ఒక వృద్ధాశ్రమంలో 86 నుంచి 96 ఏళ్ల వయసున్న పదిమందిని ఎంచుకుంది. ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించింది. తొమ్మిదిమంది చివరిదాకా నిలిచారు. తొడల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. సాధన ఆపిన నాలుగు వారాలకే 32 శాతం బలం కరిగిపోవడం ఆ పరిశోధనలో రెండో పాఠం. కండ అప్పిచ్చినట్టే ఇచ్చి, కిస్తు తప్పితే వెనక్కి లాక్కుంటుంది.

ఇంటర్వెల్ పద్ధతినీ జపాన్‌లోని మత్సుమోతోలో నడివయసువారికి, పెద్దవారికి అందేలా మలిచారు. హిరోషి నోసే బృందం 246 మందితో సాగించిన అధ్యయనం 2007లో వెలువడింది. మూడు నిమిషాలు జోరుగా నడక, మూడు నిమిషాలు నింపాదిగా. రోజుకు ఐదు విడతలు, వారానికి నాలుగు రోజులు, ఐదు నెలలు. ఒకే తీరుగా నడిచినవారి కంటే వీళ్లకు తొడల బలం ఎక్కువ పెరిగింది, రక్తపోటూ ఎక్కువ తగ్గింది. యంత్రం లేదు, రుసుము లేదు. గడియారం ఉంటే చాలు.

అన్ని ఫలితాలూ ఇంత సాఫీగా రాలేదు. అదే 2007లో నార్వేలో ఉల్రిక్ విస్లోఫ్ బృందం 27 మంది గుండె వైఫల్య రోగులపై చేసిన అధ్యయనంలో ఇంటర్వెల్ శిక్షణ మామూలు వ్యాయామాన్ని చాలా దూరం దాటేసింది. 2017లో 261 మందితో ఇంకా పెద్దది జరిపితే ఆ ఆధిక్యం కనిపించలేదు. అందుకే గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా జోరు పెంచకూడదు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిందీ నేల మీది మాటే: వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ. దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు. మనలో నడిచేవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ రెండు రోజుల మాట పట్టించుకునేవాళ్లే తక్కువ.

తాలీం తలుపు తెరిచినవాళ్లు

మన తాలీంలో విద్య ఉంది, తలుపు మాత్రం మూసి ఉంది. అది మగవాళ్ల చోటు, పడుచుల చోటు. ఆడపిల్ల గట్టు మీద నిలబడి చూడ్డమే ఎక్కువ. ఆ తలుపును 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి గట్టిగా నెట్టింది. వెయిట్‌లిఫ్టింగ్ పోటీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ బాక్సింగ్ విజేత. మూడు నిమిషాల పోరు, నిమిషం విరామం, మళ్లీ పోరు: బాక్సింగ్ రింగే ఒక ఇంటర్వెల్ పాఠశాల.

ఇంకా దగ్గరి కథ తాడ్వాయిది. ఇప్పటి కామారెడ్డి జిల్లాలోని ఆ ఊరి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల, గిరిజన కూలి కుటుంబం. అప్పటి గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ చొరవతో పిల్లలకు పర్వతారోహణ శిక్షణ మొదలైంది. తొలి మెట్టు భువనగిరి గుట్ట. తర్వాత డార్జిలింగ్, ఆపైన లద్దాఖ్ మంచు. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో, ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో కలిసి ఆమె ఎవరెస్ట్ ఎక్కింది. కొండెక్కేవాళ్ల సాధనలో రెండు సూత్రాలూ ఒకటైపోతాయి. వీపు మీది బరువు పెరుగుతూ పోతుంది. ఎత్తుకు ఎక్కడం, దిగి సేదదీరడం, మర్నాడు ఇంకాస్త ఎత్తుకు ఎక్కడం. భువనగిరి ఆమెకు కొబ్బరికాయ, ఎవరెస్ట్ కడెం.

గడ్డపార పోయాక

1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగర్ ఆనకట్టను ఇంజినీరు అలీ నవాజ్ జంగ్ కట్టించిన నాటికి ఈ జిల్లాలో ఎవరికీ వ్యాయామం చెప్పాల్సిన పని లేదు. తట్ట, గడ్డపార, మోట, రోకలి, బతుకే భారశ్రమ. ఆ శ్రమను పొగిడి లాభం లేదు. దానికి విరామం ఉండేది కాదు, తగిన తిండీ ఉండేది కాదు. అది ఒంటిని పెంచిన దానికంటే అరగదీసిందే ఎక్కువ. ఇప్పుడు ట్రాక్టర్, వరికోత మిషన్, మిక్సీ వచ్చాయి, మంచిదే. కానీ ఒళ్లో చేట పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టే అమ్మకు నడుము పట్టేస్తోంది. దేశంలో 10 కోట్లకు పైగా జనానికి షుగర్ ఉందని 2023లో భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం లెక్క తేల్చింది. తిన్న చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండ. కండ తగ్గితే చక్కెర నెత్తుట్లోనే మిగిలిపోతుంది.

ఆ అమ్మ తాలీంకు పోనక్కర్లేదు. కట్ట బీడీలు అయినప్పుడల్లా చేట దించి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చుంటే అది బస్కీలకు చెల్లెలే. వారం గడిచాక పదిహేను. చెరువు కట్ట మీద మూడు నిమిషాలు జోరుగా, మూడు నిమిషాలు మెల్లగా నడక.

జాతరలో కడెం ఒక్కటే ఉంటుంది, దక్కేదీ ఒక్కడికే. కొబ్బరికాయలు మాత్రం బస్తా నిండా తెస్తారు.