దేవుని మాన్యము – ఊరి వాకిలి

దేవాలయమునకు మాన్యమిచ్చుట మన పూర్వులు పుణ్యకార్యములలో మిన్నగా నెంచిరి. మధురను 1623 మొదలు 1659 వరకు ఏలిన తిరుమల నాయకుడును, 1689 మొదలు రాజ్యభారము వహించిన రాణి మంగమ్మయు ఈ దక్షిణ దేశమున గుళ్లకు, సత్రములకు చేసిన దానములు ప్రసిద్ధములు. మధుర రైల్వే స్టేషను ఎదుటనున్న మంగమ్మ సత్రమును మనలో చూడనివారు తక్కువ.

మాన్యమనగా భూమి మాత్రమే కాదు. ఆ భూమిపై రావలసిన శిస్తును ప్రభువు వదలుకొనుట. వదలుకొన్న శిస్తు ఊరందరి కష్టములోనిది. అట్లయిన, ఆ సొమ్ముతో దీపము వెలుగు గుడిలోనికి ఊరందరును పోవచ్చునా? ఈ ప్రశ్న మన శివకాశి ప్రాంతమున ప్రాణముల మీదికి వచ్చినది.

1897 మే నెలలో కముదిలో కొందరు నాడార్లు మీనాక్షీ సుందరేశ్వరుల ఆలయమున ప్రవేశించి పూజ చేసిరి. ధర్మకర్తయైన రామనాథపురము రాజా భాస్కర సేతుపతి దావా వేసెను. శివకాశిలోను విశ్వనాథస్వామి ఆలయ ప్రవేశము గూర్చిన తగవు ముదిరి, 1899 జూన్ 6వ తేదీన వేలాది జనులు పట్టణముపై బడిరి. ఇండ్లు తగులబడెను, మనుష్యులు చచ్చిరి. కముది దావా మధుర కోర్టును, మద్రాసు హైకోర్టును దాటి లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయినది. 1908లో అచ్చటను నాడార్లు ఓడిరి. ఆచారమే హక్కుకు కొలత యనుట నాటి న్యాయము.

అయినను వారు క్రుంగలేదు. వర్తకముపై తమలో తాము వేసికొన్న 'మహమై' అను వంతులతో బడులు పెట్టిరి. విరుదునగరున 1889లో వెలసిన క్షత్రియ విద్యాశాల అట్టిదే. కామరాజు చదివినది అచ్చటనే.

1939 జూలై 8న వైద్యనాథ అయ్యరు హరిజనులను, ఒక నాడారును వెంటబెట్టుకొని మధుర మీనాక్షి ఆలయమున ప్రవేశించెను. ఆలయాధికారి ఆర్. ఎస్. నాయుడు తోడ్పడెను. రాజాజీ మంత్రివర్గము ఆ యేడే ప్రవేశమునకు చట్టబలము కల్పించెను. 1950లో రాజ్యాంగము 17వ అధికరణముతో అస్పృశ్యతను రద్దుచేసెను.

1955లో వచ్చిన అస్పృశ్యతా నేరముల చట్టములో 9వ సెక్షను కలదు. సర్కారు నుండి భూమినో ధనమునో పొందిన ఆలయపు ధర్మకర్త ఈ నేరమునకు శిక్షపడినచో, ఆ దానమును నిలుపుటకును, తిరిగి తీసికొనుటకును ప్రభుత్వమునకు అధికారమీయబడినది. అనగా, వాకిలి మూసినచో మాన్యము పోవచ్చును. 1961 ఆదాయపు పన్ను చట్టము మరియొక మెట్టు ఎక్కినది. 1962 ఏప్రిల్ 1 తరువాత ఒక్క మతమునకో, ఒక్క కులమునకో మేలుగా ఏర్పడిన ధర్మసంస్థకు పన్ను మినహాయింపు లేదనెను. షెడ్యూల్డు కులములకు, తెగలకు, వెనుకబడిన తరగతులకు, స్త్రీలకు, పిల్లలకు ఏర్పడినవాటిని మాత్రము విడిచిపెట్టెను.

ఇది మతస్వేచ్ఛపై చేయిచేసికొనుట కాదా యని కొందరందురు. దీనిని మూల్కి వేంకటరమణ దేవాలయపు వ్యాజ్యములో 1957లో సుప్రీంకోర్టు విచారించినది. తమ శాఖకు ప్రత్యేకమైన కొన్ని సేవలను ఆ శాఖవారు తమకే ఉంచుకొనవచ్చును గాని, తక్కిన హిందువులకు ప్రవేశమే లేకుండ చేయరాదని తీర్పు చెప్పెను. అమెరికాలోను ఇట్టి తగవే వచ్చినది. తెల్ల నల్ల జాతుల విద్యార్థుల నడుమ పొత్తును నిషేధించిన బాబ్ జోన్స్ విశ్వవిద్యాలయము, అది తమ మతవిశ్వాసమని వాదించినను, 1983లో అచ్చటి సుప్రీంకోర్టు పన్ను మినహాయింపునకు తగదనెను. మినహాయింపు హక్కు కాదు, ప్రజలు చూపు ఆదరమని దాని సారము.

ఇది నాడార్ల కథ, మనకేమి యని తెలుగువారు అనుకొనరాదు. ఈ జిల్లాలో ఇంట తెలుగు మాటాడువారు నాయుళ్లు, రాజులు, రెడ్లు మాత్రమే కారు. వీధులూడ్చి ఊరికి ఆరోగ్యమిచ్చిన అరుంధతీయులలో ఎందరి ఇంటిమాటయో తెలుగే. గుడి వాకిట ఎక్కువ కాలము నిలిచినవారు వారే. మనకు కులమునకొక సంఘము, సంఘమునకొక కల్యాణమండపము కలవు. మన పందిరికి పన్ను లేకపోవచ్చును. ఊరి ఋణము మాత్రము కలదు. ఈ ఉగాదికి పచ్చడి కలుపునపుడు ఆ వీధికిని ఆహ్వానపత్రిక అందినదా యని కార్యకర్తలు ఒకసారి చూడవలెనని మనవి.