‘సిన్’ అనే ఆంగ్లపదం, పాపఘ్ని అనే నది

కడప జిల్లా వేంపల్లెను ఒరసి ప్రవహించే నదికి పూర్వులు పెట్టిన పేరు పాపఘ్ని. ‘హన్’ ధాతువు నుండి ఏర్పడిన ‘ఘ్న’ శబ్దానికి స్త్రీలింగరూపం ‘ఘ్నీ’. శత్రువులను హతమార్చినవాడు శత్రుఘ్నుడైనట్లే, పాపాన్ని హతమార్చేది పాపఘ్ని. కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టిన ఈ నది గండి వద్ద పర్వతపంక్తిని చీల్చుకొని వేంపల్లెను చేరి, కమలాపురం సమీపంలో పెన్నలో సంగమిస్తుంది. జనుల నోట ‘పాపాగ్ని’ అని కూడా వినిపిస్తుంది గనుక, పాపాన్ని దహించే అగ్ని అని అర్థం చెప్పేవారూ ఉన్నారు. నీటికి నిప్పు పేరు పెట్టడం రాయలసీమ ఎండలకు తగినదే! చెంచు నాయకుణ్ణి వధించిన ఒక రాజు ఆ దోషం వల్ల కుష్ఠురోగగ్రస్తుడై, ఈ నది పుట్టిన కొండలపై తపస్సు చేసి విముక్తుడయ్యాడని స్థలైతిహ్యం.

ఆ రాజు చేసినదానిని ఆంగ్లంలో చెప్పవలసివస్తే అనువాదకుడు తడుముకోకుండా ‘సిన్’ అంటాడు. ఈ జత ఏర్పడి రెండు శతాబ్దాలు దాటింది. 1818లో శ్రీరాంపురంలో తెలుగు కొత్త నిబంధన ముద్రితమైంది. 1822లో లండన్ మిషనరీ సొసైటీ కడపలో కార్యస్థానం ఏర్పరచుకొన్నది. అంతకు రెండేళ్ల ముందే ఉద్యోగరీత్యా కడప చేరిన సి.పి. బ్రౌన్, తరువాతి కాలంలో అక్కడి తన బంగళాలోనే పండితులను పోషించి వేమన పద్యాలను, కావ్యాలను పరిష్కరింపజేశాడు. ఆయన నిఘంటువులు 1852లో వెలువడ్డాయి. ఆంగ్లపదాలకు తెలుగు సమానార్థకాలు స్థిరపడిన కాలమది. క్రైస్తవ బోధకులు ‘సిన్’ అన్నచోట తెలుగువారు ‘పాపము’ అని విన్నారు. అయితే వారి సిద్ధాంతంలో సిన్ అంటే ప్రధానంగా ఈశ్వరాజ్ఞను అతిక్రమించడం. ఆదిపురుషుని నుండి మానవులందరికీ సంక్రమించిన స్థితి కూడా. తెలుగువాని పాపం అట్టిది కాదు. అది మూటగట్టుకొనేది, కాలం వస్తే పండేది, అనగా కర్మఫలం. పైగా దారిన పోయే అనాథను చూసినప్పుడు ‘అయ్యో పాపం’ అంటూ అదే మాట కరుణావాచకమవుతుంది. ఆంగ్లంలోని సిన్‌కు ఈ ఆర్ద్రత లేదు.

అర్థాలు ఇంత దూరంగా ఉన్నా, ‘సిన్’ పదానికి మూలాన్ని అన్వేషిస్తే ఆశ్చర్యకరమైన బంధుత్వం బయటపడుతుంది. ప్రాచీనాంగ్లంలో దాని రూపం ‘సున్’కు దగ్గరగా పలికే ‘స్యున్’. జర్మన్ భాషలో ‘జ్యుండె’. లాటిన్‌లో ‘సోన్స్’ అంటే అపరాధి. ఇవన్నీ ‘ఉండు’ అనే అర్థంగల అతిప్రాచీన ధాతువు నుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులలో అధికుల అభిప్రాయం. సంస్కృతంలో ఆ ధాతువే ‘అస్’. దాని నుండే ‘అస్తి’, దాని నుండే ‘సత్’, ‘సత్’ నుండి ‘సత్యం’. ఆంగ్లంలోని ‘ఈజ్’ కూడా ఆ సంతానమే. ప్రాచీన గోథిక్ భాషలో ‘సున్యా’ అంటే సాక్షాత్తు సత్యమే. ఉద్దాలకుడు శ్వేతకేతువునకు జగన్మూలంగా ఉపదేశించిన ‘సత్’ శబ్దానికీ, ఆంగ్లంలోని పాపవాచకానికీ మూలం ఒకటే!

ఉనికిని, సత్యాన్ని చెప్పే ధాతువు నుండి అపరాధం ఎట్లా పుట్టింది? దీనికి భాషావేత్తలు చూపే సమాధానం న్యాయసభకు సంబంధించినది. నిందితుడు నిలబడి ‘అది నిజమే, అది ఉన్నది’ అని ఒప్పుకొన్నప్పుడు ఆ ‘ఉన్నది’ అన్న మాటే అతని దోషానికి పేరయింది. దీనికి సాక్ష్యం నేటి తుర్కీ దేశంలో లభించిన మృత్ఫలకాలలో ఉన్నది. క్రీస్తుపూర్వం 14వ శతాబ్దంలో హిట్టైట్ రాజ్యాన్ని ఏలిన రెండవ ముర్సిలి, మహామారితో ప్రజలు నశిస్తుంటే దేవతల ఎదుట తన తండ్రి చేసిన దోషాన్ని ఒప్పుకొన్నాడు. అది నిజమేనని, తామే చేశామని ఆయన విన్నవించినప్పుడు వాడిన క్రియ ‘ఎస్‌జి’. మన ‘అస్తి’కి తోబుట్టువు.

వైదికవాఙ్మయం ఈ విషయాన్ని మరింత స్పష్టంగా చెప్పింది. చాతుర్మాస్యాలలో రెండవదైన వరుణప్రఘాసంలో ప్రతిప్రస్థాత అనే ఋత్విక్కు యజమానిపత్నిని సమీపించి, ఆమెకు అన్యసంబంధం ఉన్నదా అని అడుగుతాడు. (ఈ ప్రశ్న యజమానిని ఎందుకు అడగరన్నది న్యాయమైన సందేహమే.) దాచిన దోషం మనస్సులో శల్యమై ఉండగా హోమం చేయరాదని ఆ ప్రశ్నకు కారణం. ఆ సందర్భంలో శతపథబ్రాహ్మణం చెప్పిన హేతువు గమనించదగినది. నోరు విప్పి చెప్పిన దోషం చిన్నదవుతుంది, ఎందుకంటే అప్పుడది సత్యమవుతుంది. ఆంగ్లపదం తన పుట్టుకలో దాచుకొని, తానే మరచిపోయిన రహస్యం ఇదే. మనుస్మృతి పదకొండవ అధ్యాయం పాపవిముక్తికి సాధనాలను చెబుతూ ఖ్యాపనాన్ని, అనగా తన దోషాన్ని తానే ప్రకటించడాన్ని, ప్రథమంగా పేర్కొన్నది. చెప్పుకొన్న కొద్దీ మనిషి కుబుసం విడిచిన సర్పం వలె దానినుండి వెలువడతాడట.

ఇక ‘పాప’ శబ్దానికి ఆంగ్లపదంతో బంధుత్వం లేదు. యాస్కుడు నిరుక్తంలో దానిని పలువిధాల వివరించాడు. త్రాగరానిదానిని త్రాగేవాడని ఒకటి, పడుతూ పడుతూ అధోగతికే పోయేవాడని మరొకటి. దేనినుండి తన్ను తాను రక్షించుకోవాలో అది పాపమని వైయాకరణుల వ్యుత్పత్తి. ఈ మూడూ పతనాన్ని, రక్షణను చెప్పేవే. ఒప్పుకోలు వీటిలో లేదు. మన సంప్రదాయంలో ఆ భావం పాపమనే పదంలో కాక, పాపాన్ని పోగొట్టే కర్మలో నిలిచింది.

ఆ కర్మ పేరు అఘమర్షణం. ఋగ్వేద దశమ మండలంలోని 190వ సూక్తానికి ద్రష్ట అఘమర్షణ మహర్షి. స్నానంలోనూ, సంధ్యావందనంలో దోసిట నీరు పట్టినప్పుడూ దానిని పఠిస్తారు. పాపనాశనానికి ఇంత ప్రసిద్ధమైన ఈ మూడు మంత్రాలలో పాపవాచకం ఒక్కటీ లేదు. తపస్సు నుండి ఋతసత్యాలు జనించిన విధం, ఆపైన రాత్రి, సముద్రం, సంవత్సరం, సూర్యచంద్రులు, ద్యావాపృథువులు ఏర్పడిన క్రమం మాత్రమే ఉన్నది.

వేంపల్లెకు సమీపాన గండిలో వీరాంజనేయుని దర్శించడానికి శ్రావణమాసంలో భక్తులు వేలాదిగా వస్తారు. రాయలసీమ వర్షాలను నమ్ముకొన్న నది గనుక, వారు వచ్చే వేళకు పాపఘ్నిలో నీరుంటుందన్న భరోసా లేదు. ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీటిని దోసిట పట్టినా, అఘమర్షణం మొదలయ్యేది ఋతం, సత్యం అన్న రెండు మాటలతోనే.